కరువు రాయొద్దన్న సారు

మా సారు దినాలకు పోయినోళ్ళమంతా నవ్వుకుంటా తిరిగొచ్చినాము. బయటోళ్ళు చూసింటే ఏమనుకుందురో ఏమో. వాళ్ళ పెద్దకోడలైతే వడ్డిస్తా వడ్డిస్తా మమ్మల్ని ఒకమారు కొరకొర చూసింది గూడ. కానీ ఏం చేసేది? ఆయన తావ చదువుకున్నోళ్ళం ఒక పంక్తిలో కూచున్నాంక ఆయన మాట ఎత్తకుండా ఉండలేము, ఎత్తితే నవ్వకుండా ఉండలేము. కడాకు ఆ కోడలే పప్పు గంటె పట్టుకోని మా ముందర నిలబడి, "పెండ్లిచూపుల్లో మా మామ నన్ను ఏమడిగినాడో తెలుసునా మీకు? వంటొస్తాదా అనలే, పాటొస్తాదా అనలే. 'ఏమ్మా, మీ ఊర్లో అబద్ధాలు అందరికన్నా బాగా చెప్పేదెవరు?' అన్యాడు" అనింది. ఇంక ఆ పంక్తిలో ఎవరికీ ముద్ద దిగలే.

"మరి నువ్వేమంటివి?" అని అడిగినా నేను.

"మా నాయనే అంటి. ఆ మాటకే సంబంధం ఖాయమాయె."

ఆయన ముదిగుబ్బకూ కొత్తచెరువుకూ నడాన ఉండే ఒక చిన్న డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పేవాడు. కాలేజీ అంటే పెద్దగా అనుకునేరు. రోడ్డు పక్కన నాలుగు గదులు, వెనకాల రేకుల షెడ్డు, అంతే. షెడ్డు పక్కన దావలో గొర్రెల మంద పోతే పాఠం ఆపి, మంద దాటిపోయినాంక మళ్ళా మొదలుపెట్టల్ల. మిగతా సార్లు విసుక్కునేవాళ్ళు. ఈయన మాత్రం కిటికీలో తల పెట్టి గొర్రెలోనితో మాట కలిపేవాడు. ఒక్కోసారి ఆ గొర్రెలోన్నే క్లాసులోకి పిల్చుకొచ్చి కుర్చీలో కూచోబెట్టి, "చెప్పప్పా, నీ మందలో అన్నిటికన్నా తిక్కది ఏది?" అని అడిగేవాడు. ఆ పొద్దుకు అదే పాఠం.

కొత్తగా చేరిన పిల్లోల్లకు మొదటి పొద్దు ఆయన చేసే పని ఒకటుండాది. బోర్డు మింద ఈ మూల నుంచి ఆ మూలకు 'కరువు' అని రాస్తాడు. రాసి, రోంతసేపు దాని పక్కన నిలబడి, తుండుగుడ్డతో తుడిచేస్తాడు. "చూసినారు గదా. ఇంక మీరు ఈడ ఉన్నన్నాళ్ళు ఈ మాట కథలో కనపడిందంటే సున్న. బోరు ఎండిపాయె, నాయన ఏడ్సె, ఎద్దుల్ని అమ్మె. ఈ కథ నాకు నోటికొచ్చు. కరువు బయట ఉండాది, చాలదా? నా క్లాసులోకి గూడ యాల పిలుస్తారు దాన్ని?" అంటాడు.

ఒక పిల్లోడు లేచి, "మరి ఏం రాయల్ల సార్? మన తావ ఇంకేముండాది?" అని అడిగినాడంట.

"మీ యవ్వ పక్కింటామెతో ఎందుకు మాట్లాడదో కనుక్కోని రాయి."

ఆ పిల్లోడు కనుక్కోని రాసినాడు. ఎప్పుడో ఒక పుంజు కోసమంట. ఆ కథ కాలేజీలో చేతులు మారి మారి కాగితం మడతల తావ చినిగిపాయ.

ఆయనకు కరువు తెలీక కాదప్పా. ఆయనకూ చేను ఉండాది. పెట్టిన విత్తనం గూడ తిరిగిరాని ఏండ్లు ఆయనా చూసినాడు. కానీ ఆ చేనుగట్టు మింద కూచోని గూడ మనోళ్ళు నవ్వుతారు గదా, పరాచికాలాడతారు గదా, అది ఎవరూ రాయరేమి అని ఆయన బాధ. "మనల్ని చూసి అయ్యో పాపం అనేటోళ్ళు శానామంది ఉండారు. మనల్ని చూసి కుశాలగా నవ్వేటోన్ని ఒగన్ని చూపించు" అనేవాడు.

కథ చెప్పేటప్పుడు ఆయన నోట్లో ఉండేది ఒకే మాట. "ఆమేన?" మనం చెప్తాంటే గడ్డం గోక్కుంటా, "ఆమేన?" అంటాడు. ఆ తర్వాత ఏమాయె అని. బాగుండాదని గాని బాగలేదని గాని ఎప్పుడూ అనలే. కథ నచ్చకుంటే "సరే" అని లేస్తాడు. ఆ "సరే" వినిందానికన్నా చెంపదెబ్బ మేలు. పుస్తకాల తెలుగులో ఎవరైనా రాసుకొస్తే, నింపాదిగా అంతా విని, "మీ యమ్మ నిన్ను అన్నానికి ఇట్లే పిలుస్తాదా?" అంటాడు. ఇంకొకడు చందమామ మింద కవిత్వం రాసి తెచ్చినాడు. "చందమామ సంగతి నాకు తెలుసు గానీ, ఆ పిల్ల పేరు చెప్పు" అన్యాడు. వాడు చెప్పలే. చెప్పకపోయినా క్లాసులో ఒక పిల్ల తల వంచుకునింది. ఇప్పుడు వాళ్ళిద్దరికీ ధర్మవరంలో బట్టల అంగడి ఉండాది. దినాలకు ఇద్దరూ కలిసే వచ్చినారు.

మీరెందుకు రాయలేదు సార్ అని ఎవరడిగినా, "నేను గూడ రాస్తే వినేదెవరురా? ఊరికొక వినేటోడు ఉండల్ల" అనేవాడు. ఆ మాటను ఆయన తమాషాకు అన్యాడనే అనుకునేదాన్ని శానా కాలం.

ఇంక ఆయన వాకిలి సంగతి చెప్పల్ల.

చెనిక్కాయల్ని, అదే వేరుశెనగ కాయల్ని, మిషన్లో కొట్టిస్తే పప్పు చీలిపోతాది, చీలిన పప్పు మొలవదు. అందుకని విత్తనానికి పెట్టుకున్న కాయల్ని మా తావ చేత్తోనే ఒలుచుకుంటారు. తొలకరికి ముందర ఏ వాకిట్లో చూసినా ఆడోళ్ళు గుంపుగా కూచోని, కాయల మింద రోంత నీళ్ళు చిలకరించి, బొటనవేలితో నొక్కి టప్ టప్‌మని ఒలుస్తాంటారు. సారు వాళ్ళింట్లో గూడ అంతే. ఆయన చేసిన వింత ఏమంటే, ఆ వాకిట్లో పిల్లోల్ల కథలు చదివించేవాడు.

దానికో పద్ధతి పెట్టినాడు. రాసినోళ్ళు చదవకూడదు, ఇంకొకరు చదవల్ల. రాసినోళ్ళు పోయి ఆడోళ్ళ నడాన కూచోని, నాది అని నోరు తెరవకుండా కాయలు ఒలుస్తా ఉండల్ల. సారు కథ వినడు, చేతుల్ని చూస్తాడు. టప్ టప్ ఆగకుండా వినపడిందా, ఆ కథ పోయినట్టే. చేతులు ఆగినాయా, కాయ వేళ్ళ నడానే ఉండిపోయిందా, ఆ పిల్లోనికి ఆ పొద్దు సారు పక్కన అన్నం. మార్కులిచ్చే వాళ్ళు ఆ ఆడోళ్ళే. వాళ్ళు మొహమాటపడే మనుషులు కాదు. పండ్లు లేని ఒక అవ్వ ఉండేది. ఒక కథ అయిపోయినాంక, "ఎవరి బిడ్డో పాపం, చెప్పేదానికి ఏమీ లేక ఇంతసేపు చెప్పినాడు" అనింది. ఆ బిడ్డ ఆమె పక్కనే తల వంచుకోని ఒలుస్తాండాడు.

ప్రిన్సిపాల్ సారు ఎగతాళి చేసేవాడు. "ఏం సార్, చదువు పేరు చెప్పి పిల్లోల్లతో ఊరికే కాయలు ఒలిపించుకుంటాండావంట?"

"ఒలిచేది యాడ సార్. మంచి కథ వచ్చిన పొద్దు చాటెడు గూడ కావు. వీళ్ళంతా బాగా రాయబడితే నా చేను బీడే."

నేను ఆయన చేతిలో పడింది మాత్రం కాలేజీలో కాదు. మా నాయన పంచర్ అంగట్లో.

మేము ముస్లింలం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. నాయనకు కొత్తచెరువు రోడ్డులో పంచర్ అంగడి. అంతకు ముందు ఆయన నీళ్ళు చూసేవాడు. కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పండబెట్టుకోని చేన్లో నడుస్తాంటే, కింద నీళ్ళుండే తావ కాయ లేచి నిలబడతాది, ఆడ బోరు వేస్తారు. రైతులు కాయకు పసుపు కుంకుమ పెట్టి ఇస్తే, నాయన బిస్మిల్లా అని నడక మొదలుపెట్టేవాడు. దేవుళ్ళు ఎవరూ కోపం చేసుకోలే. చుట్టుపక్కల ఊర్లన్నిట్లో పేరుండేది. నేను పుట్టకముందెప్పుడో ఆ పని వదిలేసినాడు. ఎందుకు నాయనా అంటే, "ఊరికే" అని టైరు వైపు తిరిగేవాడు. ఊర్లో మాత్రం ఒక మాట ఉండేది. ఎవురిదో చేన్లో పొద్దంతా తిరిగినా కాయ లేవలేదంట, ఆ రైతు కట్టె తీసుకుంటే చెప్పులు గూడ వదిలిపెట్టి పరుగెత్తినాడంట అని.

నేను ఇంటర్ పాసయిన ఎండాకాలం. సారు బండి పంచరయ్యి మా అంగడికి తోసుకోనొచ్చినాడు. నేను బొరుగులు చుట్టిన పేపరు ముక్క చదువుకుంటాండా.

"ఏం చదువుతాండావు పాపా?"

"కథ సార్. సగమే ఉండాది."

"మిగతా సగం ఏమయ్యుంటాది?"

నేను తోచింది చెప్పినా. "ఆమేన?" అన్యాడు. ఇంకోటి చెప్పినా. "ఆమేన?" నాయన ట్యూబు అతికించి, గాలి కొట్టి, చేతులు కడుక్కున్యాడు. సారు బండి మొగం చూడలే. నా బతుకులో అంతవరకూ ఎవరూ నన్ను అట్ల అడగలే. ఇంట్లో నేను నోరు తెరిస్తే "చాల్లే" అనేటోళ్ళే.

అప్పుడే ఆయన నాయనను అడిగినాడు, ఈ పిల్లను మా కాలేజీలో తెలుగు గ్రూపులో చేర్పించు అని. ఆ గ్రూపులో చేరేటోళ్ళు లేక మూసేస్తామంటాండారని, ఆయన పల్లె పల్లె తిరిగి పిల్లోల్లను పోగేసుకుంటాండాడని మాకు తర్వాత తెలిసింది.

నాయన నవ్వినాడు. "తెలుగు మా ఇంట్లో ఊరికే దొరుకుతాది గదా సార్. దానికి కాలేజీ యాల? అనంతపురంలో కంప్యూటర్ల గ్రూపు చూసినాము. వాళ్ళ చిన్నమ్మ ఇంట్లో ఉంటాది. అంతా అయిపోయింది."

నాకు కంప్యూటర్ల మింద పగ ఏమీ లేదు. కానీ "ఆమేన" అనే మనిషి దొరికిన పొద్దే పోతాండాడు. నాకు ఆ గ్రూపు కావల్ల నాయనా అని అనల్లని ఉండాది, అనలేకపోయినా.

సారు బండి ఎక్కలే. "అన్నా, ఒక పందెం. ఈ పిల్ల ఒక కథ రాస్తాది. మా వాకిట్లో విత్తనాలు ఒలిచే పొద్దు నువ్వూ రా, వచ్చి కాయలు ఒలువు. నాలుగైదు కథలు చదువుతారు. ఏది ఎవురిదో చెప్పము. ఈ పిల్ల కథకు నీ చెయ్యి ఆగిందా, నాకియ్యి. ఆగలేదా, కంప్యూటర్లకు తోల్కపో. నేను మళ్ళా నీ అంగడి ముందర బండి ఆపను."

నాయనకు పందెమంటే ఇష్టం. పైగా తన చెయ్యి మింద తనకు శానా నమ్మకం. సరేనన్యాడు.

ఇంక నా గోస చూడల్ల. వారం దినాలు ఏం రాసినా నాకే నచ్చలే. కరువు రాయకూడదని సారు పోతా పోతా చెప్పిపాయ, నవ్వు రావల్ల, నాయన చెయ్యి ఆగల్ల. నాకు తెలిసిన తమాషా కథ ఒకటే ఉండాది, ఊర్లో చెప్పుకునే ఆ కొబ్బరికాయ కథ. పేరు మార్చినా, ఊరు మార్చినా, సాయిబును తీసేసి ఒక పంతుల్ని పెట్టినా. చెప్పులు మాత్రం ఉంచినా. చెప్పులు లేకుంటే కథ లేదు.

ఆ పొద్దు సారు వాకిట్లో వేపచెట్టు నీడన గోనెపట్టలు పరిచినారు. ఆడోళ్ళు, పిల్లోల్లు, నడాన మా నాయన ఒక్కడే మగోడు, చాట ముందర పెట్టుకోని. సారు గోడకు ఆనుకోని గొంతుక్కూచున్యాడు. మొదటి కథకు టప్ టప్ ఆగలే. రెండోదానికి ఇద్దరు ముగ్గురి చేతులు ఆగినాయి, నాయన చెయ్యి ఆగలే. ఆయన చాటలో పప్పు పోగవుతాంటే నేను ఒలిచేది మర్చిపోయి ఆ చాటనే చూస్తాండా.

మూడోది నాది. చదివేది ఒక సీనియర్ అక్క, గొంతు బాగుండేది. పంతులు కొబ్బరికాయ పట్టుకోని చేనంతా తిరుగుతాండాడు, ఎండ మండతాండాది, కాయ మొండిగా పండుకోనుండాది, లేవదు. ఆడోళ్ళు నవ్వబట్టినారు. పండ్లు లేని అవ్వ అయితే నోటికి కొంగు అడ్డం పెట్టుకునింది. రైతు కట్టె తీసుకున్యాడు. పంతులు చెప్పులు వదిలిపెట్టి ఎత్తుకున్యాడు పరుగు. వాకిలంతా నవ్వులు.

"అట్ల కాదు జరిగింది."

అందరూ తిరిగి చూసినారు. నాయన. చేతిలో కాయ అట్లే ఉండాది.

"వాడు పరుగెత్తలే. కాయ లేవలేదని ఎవరు చెప్పినారు మీకు? లేచింది."

అక్క చదివేది ఆపేసింది. సారు గోడ దగ్గర్నుంచి రోంత ముందుకు జరిగి, మెల్లగా, "ఆమేన?" అన్యాడు.

"చేనంతా తిరిగినా సార్. యాడా లేవలే. రైతు మొండోడు. అప్పటికే బోర్లు శానా వేయించి అన్నీ పోగొట్టుకోనుండాడు. నీళ్ళు పడతాయంటే పండుకునే మంచం కింద గూడ వేయిస్తాడు. నాకు దప్పికయ్యి, చేన్లోనే వాళ్ళ ఇల్లుంటే నీళ్ళు అడుగుదామని పోయినా. కాయ చేతిలోనే ఉండాది. వంటింటి గడప తావ నిలబడినానో లేదో, లేచి నిలబడింది సార్. ఎదురుగా పొయ్యి. పొయ్యి ముందర ఆ యమ్మ, ఒళ్ళో నెలల బిడ్డ. నేను చూసినా. ఆ యమ్మా చూసింది."

టప్ టప్ ఎప్పుడు ఆగిందో తెలీదు. ఒక్క చెయ్యి గూడ ఆడలేదు.

"చెప్తే ఆ పొద్దే ఇల్లు పడగొడతాడు. ఆ బిడ్డను ఎత్తుకోని ఆ యమ్మ చెట్టు కిందికి పోవల్ల. నీళ్ళు పడకపోతే అదీ లేదు, ఇదీ లేదు. కాయ ఎప్పుడూ నిజం చెప్తాదని నేను గూడ ఒట్టు పెట్టలేను గదా. ఆ యమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. తాగి, కాయను రెండు చేతుల్తో పట్టుకోని బయటికొచ్చి, నీ చేన్లో నీళ్ళు లేవప్పా అని చెప్పినా. తిట్టినాడు. కట్టె తీసుకున్యాడు, నిజమే. నేను నడుచుకుంటానే వచ్చినా. చెప్పులు వాళ్ళ వంటింటి గడప తావ విడిచినా, మళ్ళా ఆడికి పోతే నా మొగం చూసి కనిపెడతాడేమోనని అట్లే వచ్చేస్తిని. ఒకమారు అబద్ధం చెప్పినాంక ఇంక ఆ కాయ పట్టుకోబుద్ధి కాలే."

"ఆ యిల్లు ఉండాదా ఇంకా?" అని అడిగింది అవ్వ.

"ఉండాది అవ్వా. పోయిన యేడు ఆ బిడ్డ పెండ్లికి నాకు చెప్పి పంపించింది ఆ యమ్మ. అందరికీ పందిట్లో పెడితే, నాకు ఆ వంటింట్లో పీట వేసి పెట్టింది అన్నం."

సారు తుండుగుడ్డతో మొగం తుడుచుకున్యాడు. తుడుచుకోని నవ్వినాడు. నవ్వుతానే ఉండాడు, కండ్లు ఆగలే. రోంతసేపటికి తేరుకోని, "అన్నా, చెయ్యి ఆగింది" అన్యాడు.

"కోపంతో ఆగింది సార్, కథ బాగుండి కాదు."

"ఎందుకు ఆగల్లో పందెంలో చెప్పుకోలేదే."

నాయన గుంపులో ఒక్కొక్క మొగమే చూసుకుంటా వచ్చి నా మింద ఆగినాడు. "నువ్వేనా రాసింది?"

రాసినోళ్ళు చెప్పకూడదు గదా. నేను సారు వైపు చూసినా. ఆయన తల ఊపినాడు.

"నేనే నాయనా."

"తప్పు రాసినావు."

నాకు ఏడుపొచ్చింది. అంతా అయిపోయింది, నేను అనంతపురం పోతాండా అనుకున్యా. నాయన చేతిలో కాయను చాటలో పెట్టి, అరచేతులు రెండూ దులుపుకున్యాడు.

"మీ యమ్మకు గూడ చెప్పలే నేను ఇది. ఎవరూ అడగలే. పరుగెత్తినాడు అంటే అననీలే అనుకుంటి. ఇన్నేండ్లు కడుపులో పెట్టుకోనుంటి." అప్పుడు సారు వైపు తిరిగినాడు.

"ఈ పిల్లను చేర్చుకో సార్. సరిగ్గా రాసేది నేర్పించు. మా ఊర్లో ఇంకా శానామంది గురించి తప్పుగా చెప్పుకుంటాండారు."